మీకు మీరిచ్చుకున్న మాట: ఆత్మవిశ్వాసాన్ని 12 వారాల్లో కూడబెట్టే పద్ధతి

ఎవరినైనా మనం ఎప్పుడు నమ్ముతాం? చెప్పిన వేళకు వచ్చినప్పుడు, అడగకుండానే బాకీ తీర్చినప్పుడు, కుదరకపోతే ముందే కబురు పెట్టినప్పుడు. మన మీద మనకు నమ్మకం కూడా ఇలాగే పుడుతుంది. రేపటి నుంచి పెందలాడే లేవాలని రాత్రి గట్టిగా అనుకుని, తెల్లారి అలారం నొక్కేసి ముసుగు తన్నిన ప్రతిసారీ ఒక మాట తప్పినట్టే. బయటివాళ్లెవరూ చూడరు. లోపలి మనిషి మాత్రం లెక్క రాసుకుంటూనే ఉంటాడు. ఏళ్ల తరబడి ఇలా గడిచాక ఒకరోజు పెద్ద పనికి దిగి "నేను చేయగలను" అంటే అతను నమ్మడు. అందులో అతని తప్పేమీ లేదు, చేతిలో ఉన్న లెక్క అలాంటిది.

ఆ లెక్కను మార్చడమెలాగో ఇక్కడ వరసగా చెబుతాం. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రచురించిన వ్యాసంలో, "ఈ పని నా వల్ల అవుతుంది" అన్న నమ్మకానికి నాలుగు మూలాలు చూపించాడు: స్వయంగా చేసి నెగ్గిన అనుభవం, మనలాంటివాళ్లు చేస్తుండగా చూడటం, నలుగురూ ఇచ్చే ప్రోత్సాహం, ఆ సమయంలో మన ఒంటి స్థితి. నాలుగింటిలో మొదటిదే బలమైనది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే.

కావలసినవి: గీతల నోటుపుస్తకం ఒకటి, పెన్ను ఒకటి. మొదటిరోజు 40 నిమిషాలు, తర్వాత రోజుకు ఏడెనిమిది నిమిషాలు, వారానికోసారి పావుగంట. ఫోన్‌లో రాసుకోవచ్చు కదా అనిపిస్తుంది. వద్దు. ఫోన్ తెరిచిన చెయ్యి ఇంకెక్కడికో జారిపోతుంది.

ముందుగా పాత బాకీలు

ఒక సాయంత్రం తలుపు దగ్గరగా వేసుకుని కూర్చోండి. మొదటి 20 నిమిషాలు, చేస్తానని మీకు మీరు చెప్పుకుని వదిలేసినవన్నీ వరసకొకటి చొప్పున రాయండి. సగంలో ఆపిన కోర్సు, నేర్చుకుంటానన్న ఈత, సర్దుతానన్న బీరువా, ఫోన్ చేస్తానన్న పాత స్నేహితుడు. చిన్నవి వదలొద్దు, రోజూ గుచ్చుకునేవి అవే. పక్కన కారణాలు మాత్రం రాయకండి. కారణం మొదలైతే అది సంజాయిషీగానో తిట్ల దండకంగానో మారి, జాబితా పూర్తికాకుండానే పుస్తకం మూతపడుతుంది.

మిగతా 20 నిమిషాల్లో ప్రతి వరస పక్కన ఒక అక్షరం పెట్టండి. "చే" అంటే చేస్తాను, "త" అంటే తర్వాత, "వ" అంటే వదిలేశాను. "చే" మూడింటికి మించకూడదు. ఏది కొట్టేయాలో తేలకపోతే ఒక ప్రశ్న వేసుకోండి: ఈ పని ఇవాళే కొత్తగా ఎదురైతే మొదలుపెడతానా? లేదంటే "వ" పెట్టి, ఒక్క గీతతో కొట్టేసి, "ఈ మాట వెనక్కి తీసుకుంటున్నాను" అని పైకి అనండి. ఒక్కరే కూర్చుని పైకి మాట్లాడటం మొదట ఇబ్బందిగా ఉంటుంది, అయినా అనండి. మాట తప్పడం వేరు, మాట వెనక్కి తీసుకోవడం వేరు. మొదటిది జారిపోవడం, రెండోది నిర్ణయం. సాయంత్రం ముగిసేసరికి సగం జాబితా ఇలా తీరిపోయినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఒకే ఒక్క మాట ఎంచుకోవడం

దాదాపు అందరూ ఇక్కడే దెబ్బతింటారు. "చే" పెట్టిన మూడూ రేపే మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆరంభశూరత్వం అనే మాట మన భాషలో ఊరికే పుట్టలేదు. ఒకటే తీసుకోండి, దాన్ని కింది పరీక్షల్లో నెగ్గేదాకా చెక్కండి.

అది చేసే పని అయి ఉండాలి, వచ్చే ఫలితం కాకూడదు. "ఐదు కిలోలు తగ్గుతాను" అనేది మీరు నిలబెట్టుకోగల మాట కాదు. తగ్గాలో వద్దో తేల్చేది ఒళ్లు. "పది నిమిషాలు నడుస్తాను" అంటే ఆ పది నిమిషాలూ మీ చేతిలో ఉన్నవే. రెండోది, ఇంకొకరి మీద ఆధారపడకూడదు. తోడు వస్తేనే నడక అనుకుంటే వాళ్లు రాని రోజు మీ మాట కూడా పోతుంది. మూడోది, రాత్రికి చూసుకుంటే చేశానా లేదా అన్నది ఒక్క ముక్కలో తేలాలి. "ఓపికగా ఉంటాను" అన్నది తేలదు. "బదులిచ్చే ముందు ఒక్కసారి ఊపిరి పూర్తిగా తీసి వదులుతాను" అన్నది తేలుతుంది.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఇంటికి ఆలస్యంగా చేరి, తలనొప్పితో, ఎవరితోనో మాటామాటా పెరిగి ఉన్న రోజును తలచుకోండి. ఆ రోజు కూడా చేయగలరా? పదికి ఎంత నమ్మకమో ఒక అంకె వేయండి. తొమ్మిదికి తక్కువైతే పనిని సగం చేయండి, మళ్లీ అంకె వేయండి. గంట చదువు అరగంట అవుతుంది, అరగంట పావుగంట అవుతుంది, ఆఖరికి రెండు పేజీల దగ్గర అంకె తొమ్మిదికి చేరుతుంది. రెండు పేజీలతో ఏమొస్తుందని మనసు చిన్నబుచ్చుకుంటుంది. మొదటి నాలుగు వారాల్లో మీరు పెంచుతున్నది చదువును కాదు, మాటకున్న విలువను. దానికి రెండు పేజీలు చాలు.

వాక్యం రాయడం

ఎంచుకున్న పనిని "ఫలానాది జరగగానే, ఫలానా చోట, ఫలానాది చేస్తాను" అన్న అచ్చులో పోయాలి. మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ ఏళ్ల తరబడి పరిశీలించిన విషయమిది. పాశ్కల్ షీరన్‌తో కలిసి 2006లో ఆయన 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూస్తే, ఊరికే అనుకోవడం కంటే ఇలా సందర్భాన్ని పనికి కట్టేయడం వల్ల పని జరిగే అవకాశం బాగా పెరుగుతుందని తేలింది. కారణం తేలికే. ఇప్పుడు చేయాలా, కాసేపాగి చేయాలా అని తేల్చుకోవాల్సిన పని ఉండదు. సందర్భం రాగానే అదే గుర్తుచేస్తుంది.

ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం.

మొదటి రాత: "రోజూ చదువుతాను." ఎప్పుడో లేదు, ఎంతో లేదు.

రెండో రాత: "రాత్రి తొమ్మిదిన్నరకు రెండు పేజీలు చదువుతాను." బాగుపడింది గానీ, తొమ్మిదిన్నరకు మీరు ఎక్కడుంటారో తెలియదు. గడియారం చూసేసరికి పది దాటి ఉంటుంది, "ఇవాళ్టికి అయిపోయిందిలే" అనిపిస్తుంది.

మూడో రాత: "రాత్రి పళ్లు తోముకుని బ్రష్ దాని చోట పెట్టగానే, మంచం అంచున కూర్చుని, దిండు మీదున్న పుస్తకం తీసి రెండు పేజీలు చదువుతాను."

మూడోదాంట్లో కొత్తగా చేరినవి చూడండి. బ్రష్ చప్పుడుతో ఒక పని ముగుస్తుంది, ఇంకో పని మొదలవుతుంది. పుస్తకం అరలో కాకుండా దిండు మీద ఉంది కాబట్టి దాన్ని తీయకుండా పడుకోలేరు. అక్కడ ఉండాలంటే పొద్దున పక్క సర్దేటప్పుడే పెట్టాలి. అంటే రాత్రి పని సగం పొద్దునే, మనసు తేటగా ఉన్నప్పుడే జరిగిపోయింది. మీరు ఎంచుకునే కొక్కెం, అంటే పనిని తగిలించే సందర్భం కూడా ఇలాగే ఉండాలి: రోజూ తప్పక జరిగేది, ఎక్కడ ముగిసిందో స్పష్టంగా తెలిసేది. "పని నుంచి వచ్చాక" లాంటివి పనికిరావు, ఆ "వచ్చాక" రాత్రిదాకా సాగుతుంది. "చెప్పులు విప్పి పెట్టగానే" అయితే సరిపోతుంది.

దాని కిందే రెండో వాక్యం రాయండి. ఈసారి అడ్డంకి గురించి: "చదవబోతుంటే ఫోన్ చేతిలో ఉంటే, దాన్ని బోర్లా తిప్పి అవతలి గదిలో పెట్టి వచ్చి చదువుతాను." మంచి ఫలితాన్ని మాత్రమే ఊహించుకుంటూ కూర్చుంటే పట్టు సడలుతుందని గాబ్రియేలే ఎట్టింగెన్ పరిశోధనలు చూపించాయి. కోరికను, దారిలో నిలబడే అడ్డాన్ని పక్కపక్కన పెట్టి చూసినవాళ్లే ఎక్కువగా కదిలారు. మీ అడ్డం బయటిదే కానక్కర్లేదు. బద్ధకం, సిగ్గు, "ఇంత చిన్నదేమిటి" అన్న చులకన, ఏదైనా దాని పేరుతోనే రాయండి.

చేసే క్షణం

మూడో రోజో, ఆరో రోజో లోపల బేరం మొదలవుతుంది. "ఇవాళ బాగా అలసిపోయావు, రేపు నాలుగు పేజీలు చదువుదువుగానిలే." గొంతు చాలా ప్రేమగా ఉంటుంది. దానితో వాదించకండి. వాదనకు దిగితే గెలిచేది అదే, ఎందుకంటే అది చెప్పే కారణాలన్నీ నిజమే. మీరు నిజంగానే అలసిపోయారు. చేయాల్సింది ఒకటే: పనిలోని మొట్టమొదటి కదలికను మాత్రం చేయండి. పుస్తకం తెరవడం, చెప్పులు వేసుకోవడం, మొదటి వాక్యం రాయడం. కదలిక మొదలయ్యాక బేరం దానంతటదే సద్దుమణుగుతుంది.

ఇంకో ప్రమాదం దీనికి వ్యతిరేకం. మొదటిరోజు ఉత్సాహంలో రెండు పేజీలు పోయి నలభై పేజీలవుతాయి. మర్నాడు రెండే చదివితే తక్కువ చేసినట్టనిపిస్తుంది, మూడో రోజు నలభై చదివే ఓపిక ఉండదు, నాలుగో రోజు పుస్తకమే ముట్టరు. మాట పెరిగిందని మీరు చెప్పలేదు, అయినా లోపల పెరిగిపోయింది. అందుకే మొదటి రెండు వారాలు పైకొక గీత గీయండి: అనుకున్నదానికి రెట్టింపు దాటకూడదు. ఇంకా చేయాలనిపిస్తుండగా ఆపేయడం కష్టమే. ఆ కోరికే మర్నాటికి మిమ్మల్ని లాక్కొస్తుంది.

పద్దు పుస్తకం

పేజీలో మూడు గడులు చాలు. తేదీ, టిక్కు లేదా ఇంటూ, అడ్డు వచ్చిందేమిటో మూడు నాలుగు మాటల్లో. "చుట్టాలొచ్చారు." "ఫోన్ పట్టుకున్నా." "కొక్కెం దొరకలేదు." మనసు ఎలా ఉందో ఇందులో రాయొద్దు. చేసిన వెంటనే రాయండి. వారాంతంలో గుర్తు చేసుకుని నింపే పద్దు తనకు నచ్చినట్టు రాసుకున్న కథ అవుతుంది.

వారానికోసారి పావుగంట కూర్చుని మూడో గడి పైనుంచి కిందికి చదవండి. ఒకే అడ్డం రెండుసార్లు కనిపిస్తే దానికొక వాక్యం రాయండి. అంతకు మించి విశ్లేషణ వద్దు.

ఈ పుస్తకానికి ఇంకో ఉపయోగం ఉంది. "నేను గొప్పవాణ్ణి, అందరూ నన్ను ప్రేమిస్తారు" అని అద్దం ముందు రోజూ చెప్పుకోమనే సలహా చాలామంది ఇస్తారు. జోవాన్ వుడ్, ఆమె సహచరులు 2009లో ప్రచురించిన పరిశోధనలో, తమ మీద తమకు తక్కువ అభిప్రాయం ఉన్నవాళ్లు ఇలాంటి వాక్యం వల్లించాక, వల్లించని అలాంటివాళ్లకంటే ఎక్కువ దిగులుపడ్డారు. లోపలి మనిషి ఆ మాటకు వెంటనే ఎదురు సాక్ష్యం తీస్తాడు మరి. పద్దులోంచి తీసిన వాక్యానికి అలా ఎదురు చెప్పలేడు: "గత 14 రోజుల్లో 12 రోజులు చేశాను." చెప్పుకోవాలనిపించినప్పుడు ఇది చెప్పుకోండి.

తప్పిన రోజు

తప్పుతారు. 12 వారాల్లో తప్పని మనిషి ఉండడు. అప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే ఈ పని ఆగిపోయేది మొదటి తప్పు వల్ల కాదు, ఆ రాత్రి మనకు మనం చెప్పుకునే మాటల వల్ల.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనించింది. ఒక్కొక్కరూ రోజూ ఒకే సందర్భంలో చేసే ఒక చిన్న పని ఎంచుకున్నారు. 2010లో అచ్చయిన ఫలితాల ప్రకారం, పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంది (12 వారాలు దాటినవి లెక్కగట్టిన అంచనాలు). మనకు ఇక్కడ కావలసిన విషయం ఇంకోటి: మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదరడం చెప్పుకోదగ్గంత వెనకబడలేదు. కాబట్టి అందరూ చెప్పే 21 రోజులు దాటినా ఇంకా బలవంతంగానే ఉందని బెంగపడొద్దు, ఒక ఇంటూ పడిందని పుస్తకం మూయొద్దు.

ఒకరోజు తప్పితే, ఇంటూ పెట్టి అడ్డం రాయండి, మర్నాడు మామూలు కొలతే చేయండి. నిన్నటిది కలిపి రెట్టింపు చేయొద్దు. అది జరిమానా అవుతుంది, జరిమానా ఉన్న చోటికి మనసు రాదు. వరసగా రెండు రోజులు తప్పితే వాక్యంలో లోపముంది. చాలాసార్లు కొక్కెం మారి ఉంటుంది: ప్రయాణం, కొత్త పనివేళలు, ఇంట్లో ఎవరికో బాగోలేకపోవడం. కొత్త కొక్కెంతో వాక్యం తిరగరాయండి. వారంలో మూడు తప్పితే మాటే పెద్దది, సగం చేయండి. ముందే తెలిసిన సెలవు, శస్త్రచికిత్స, పరీక్షల లాంటివైతే, "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆపుతున్నాను" అని ముందురోజే రాసి సంతకం పెట్టండి. ముందే కబురు పెట్టినవాడు మాట తప్పినట్టు కాదు.

తిట్టుకుంటేనే దారికొస్తామన్నది పాత నమ్మకం. జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ 2012లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి దీన్ని సూటిగా పరీక్షించింది. కష్టమైన పదాల పరీక్షలో దెబ్బతిన్న విద్యార్థుల్లో, తమ పట్ల తాము దయగా ఉండమని సూచన అందినవాళ్లే రెండో పరీక్షకు ఎక్కువసేపు చదివారు. దయ అంటే వదిలేయడం కాదని ఇక్కడే తెలుస్తుంది. దగ్గరి స్నేహితుడు ఇదే తప్పు చేసి వచ్చి మీ ముందు కూర్చుంటే ఏమంటారో, ఆ మాటే రెండు వరసల్లో రాసుకోండి. "సరే, జరిగింది. రేపు పుస్తకం దిండు మీద పెట్టుకో." అంత చాలు.

ఐదో వారం నుంచి: పెంచడం

28 రోజుల్లో 24 టిక్కులు ఉంటే పెంచే వేళ వచ్చింది. లేకపోతే అదే కొలతతో ఇంకో రెండు వారాలు. పెంచేటప్పుడు నిడివి గానీ, కష్టం గానీ, సంఖ్య గానీ ఏదో ఒకటే పెంచాలి. రెండు పేజీలు నాలుగు చేస్తే, అదే వారం నడక కూడా మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు భయపడే పని ఒకటి తీసుకోవచ్చు. నలుగురిలో మాట్లాడటం అనుకుందాం. దాన్ని ఆరు మెట్లుగా కోయండి, ఒక్కో మెట్టుకూ భయం పదికి ఎంతో అంకె వేయండి. ఒంటరిగా రెండు నిమిషాలు పైకి మాట్లాడటం (2). దాన్ని రికార్డు చేసి వినడం (3). ఒక స్నేహితుడి ముందు మాట్లాడటం (4). చిన్న మీటింగ్‌లో ఒక ప్రశ్న అడగడం (5). అదే మీటింగ్‌లో సొంత అభిప్రాయం ఒకటి చెప్పడం (7). ఐదు నిమిషాలు నిలబడి ఒక విషయం వివరించడం (9). ఒక్కో మెట్టు మీద కనీసం మూడుసార్లు నిలబడండి, భయం అంకె సగానికి దిగాకే పైకెక్కండి. దడ బాగా పెరిగిన క్షణంలో లేచి వెళ్లిపోకండి. అలా వెళ్లిపోతే కలిగే ఊరట, పారిపోవడమే సరైన దారని నేర్పుతుంది. కాస్త ఓర్చుకుంటే దడ దానంతటదే దిగుతుంది, ఆ దిగడం చూడటమే ఇక్కడ పాఠం. రెండు మెట్ల మధ్య ఎడం మరీ ఎక్కువైతే ఇంకో మెట్టు చొప్పించండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

గుండె వేగం పెరిగినప్పుడు "నేను ప్రశాంతంగా ఉన్నాను" అని నచ్చజెప్పుకోవడం కష్టం. ఒళ్లు ఒప్పుకోదు. అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014 ప్రయోగాల్లో, పాడటానికో ప్రసంగానికో ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లు మెరుగ్గా చేశారు. ఒంట్లో భయానికీ ఉత్సాహానికీ దడ ఒకటే, పేరు మార్చడం తేలిక.

ఎవరిని చూసి నేర్చుకోవాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. శిఖరం మీదున్నవాళ్లను చూస్తే అబ్బురమే మిగులుతుంది. మీకంటే ఒకటి రెండు మెట్లు పైనున్న మనిషిని వెతకండి, నిన్నమొన్నటిదాకా మీ మెట్టు మీదే తడబడినవారైతే మరీ మంచిది. "ఎలా చేశారు?" అని అడిగితే సలహా వస్తుంది. "మొదటి నెలలో ఏది ఎదురుతన్నింది?" అని అడగండి, పనికొచ్చేది వస్తుంది.

ఇతరులకిచ్చే మాట

మీ రెండు పేజీలను మింగేసేది చాలాసార్లు బద్ధకం కాదు, మొహమాటం. ఎవరేది అడిగినా అక్కడికక్కడే సరేనంటాం, ఆ సరే తీర్చడానికి మన వేళ తాకట్టు పెడతాం. ఎనిమిదో వారం నుంచి ఒక నియమం పెట్టుకోండి: వెంటనే తేల్చాల్సిన అవసరం లేని ఏ పనికైనా "చూసుకుని రేపు చెబుతాను" అనాలి, చెప్పిన రేపటికి తప్పక చెప్పాలి. కాదన్నా సరే, చెప్పాలి.

ఎంతసేపు పడుతుందో చెప్పేటప్పుడు మీ అంచనాను నమ్మకండి. రోజర్ బ్యూలర్ బృందం 1994లో ప్రచురించిన పరిశోధనలో డిగ్రీ చివరి పరిశోధన పత్రం రాస్తున్న విద్యార్థులను అడిగితే, సగటున 33.9 రోజుల్లో ముగిస్తామన్నారు. నిజానికి 55.5 రోజులు పట్టింది. అనుకున్న నిడివి, పట్టిన నిడివి అని పద్దులో ఇంకో రెండు గడులు గీసి పది పనులకు రాయండి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే మీ సొంత గుణకం వస్తుంది. అది 1.6 అని తేలితే, ఇకపై "రెండు గంటలు" అనిపించినప్పుడు మూడు గంటల పావు అని చెప్పండి.

ఈ పద్ధతి చాలని చోటు

రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులుగా ఉంటే, ఒకప్పుడు ఇష్టమైనవాటి మీద ఆసక్తి చచ్చిపోతే, నిద్రా ఆకలీ తారుమారైతే, అది మాట నిలబెట్టుకోలేని బలహీనత కాదు, కుంగుబాటు కావచ్చు. దానికి వైద్యం ఉంది. డాక్టర్‌ను కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఇవాళే ఎవరో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి. నోటుపుస్తకం అప్పటిదాకా ఆగుతుంది.

పన్నెండో వారం

పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగేయండి. అరగంట పడుతుంది. మొదటి నాలుగు వారాల అడ్డాలు, చివరి నాలుగు వారాల అడ్డాలు పక్కపక్కన రాయండి. కనుమరుగైనవాటి చుట్టూ గీత గీయండి, అవి మీరు దాటినవి. తర్వాత మొదటి సాయంత్రం రాసిన జాబితా దగ్గరికి వెళ్లండి. "త" పెట్టినవాటిలో ఇప్పటికీ మనసు లాగుతున్నది ఒకటి ఎంచుకుని, తెల్ల పేజీ మీద తేదీ వేసి, దాని వాక్యం రాయండి. ఈసారి తొమ్మిది అంకె ఎక్కడ కుదురుతుందో, పోయినసారి కంటే త్వరగా తేలుతుంది.